ప్రతి సోమవారం కొత్తగా చేరే బాబాయ్

మా ఆఫీసులో సున్నా బాబాయ్ అని ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఒకే ఒక్క పిచ్చి. ప్రతి సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి తన కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేస్తాడు. వైరస్ వచ్చి కాదు, చెడిపోయి కాదు, ఎవరో చెప్పి అసలే కాదు. నిక్షేపంలా పనిచేస్తున్న కంప్యూటర్ని! సోమవారం రాగానే సంచి కుర్చీకి తగిలిస్తాడు, చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటాడు, ఆ ఊపులోనే కంప్యూటర్ని కూడా తుడిచి సున్నా చేసి కూర్చుంటాడు. అందుకే ఆ పేరు.

నేను మొదటిసారి చూసినప్పుడు చేతిలో టీ ఒలికిపోయింది.

"బాబాయ్! ఏం చేస్తున్నావ్?"

"తుడుస్తున్నానమ్మాయ్."

"అయ్యో, ఏమైంది దానికి?"

"ఏం కాలేదు. ఇవాళ సోమవారం కదా."

"సోమవారమైతే తుడిచేస్తారా ఎవరైనా?"

"శుక్రవారం సాయంత్రానికి నాకు అన్నీ తెలిసిపోతాయమ్మాయ్. అది మంచిది కాదు," అన్నాడు, డాక్టరు రోగితో చెప్పినంత నెమ్మదిగా.

ఇందులో నాకెందుకు ఒళ్ళు మండిందో చెప్పాలంటే మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. బస్టాపుల్లో ఎన్నో నంబరు బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూపించే ఎర్రక్షరాల బోర్డులుంటాయి చూడండి, వాటి వెనక ఉండే ప్రోగ్రాములు మావి. బస్సు ఆలస్యమైతే మమ్మల్ని తిట్టకండి, బోర్డు మాదే కానీ బస్సు మాది కాదు. ఆ ప్రోగ్రాముల మీద పనిచేయాలంటే ముందు ఎవరి కంప్యూటర్ని వాళ్ళు సిద్ధం చేసుకోవాలి. మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ పెట్టుకోవాలి, అదీ ఏ వెర్షన్ పడితే అది కాదు. డేటాబేస్ పెట్టుకోవాలి. ఊరి మ్యాపు దింపుకోవాలి. ఎవరో రాసి పెట్టిన చిన్న ప్రోగ్రాములు, లైబ్రరీలంటారు, అవి ఇంకో పాతిక తెచ్చి ఒకదానితో ఒకటి పోట్లాడకుండా కూర్చోబెట్టాలి. అన్నీ కుదిరితే తెరమీద మ్యాపు వచ్చి, దానిమీద ఒక బుల్లి పచ్చ బస్సు కదులుతుంది. బస్సు కదిలిందా, మీరు పనికి సిద్ధం. కదల్లేదా, మీ ఖర్మ.

ఆ ఖర్మని నలభై ఆరు పేజీల్లో రాసింది నేను.

అడుగు ఒకటి, అడుగు రెండు అంటూ ముప్పై నాలుగు అడుగులు. అట్టమీద బస్సు బొమ్మ, లోపల విషయసూచిక. దాన్ని ఆఫీసంతా 'గ్రంథం' అనేది, నన్ను 'గ్రంథమ్మ' అనేది. అది వెక్కిరింపో గౌరవమో నేను ఆరా తియ్యలేదు. గౌరవమనే అనుకుని హాయిగా ఉన్నాను. కొత్తగా చేరినవాళ్ళకి నా గ్రంథంతో బస్సు కదలడానికి ఎనిమిది, తొమ్మిది రోజులు పట్టేది. పట్టనీ! నాకూ తొమ్మిది రోజులే పట్టింది, నేను చచ్చిపోయానా? ఎవరైనా ఏడుపు మొహంతో వచ్చి "మేడమ్, బస్సు కదలట్లేదు" అంటే, నా తెర వాళ్ళవైపు తిప్పి, "నా దగ్గర కదుల్తోందే!" అనేదాన్ని. వాళ్ళు కాసేపు నా బస్సుని చూసి వెళ్ళిపోయేవాళ్ళు. చాలా సాయం చేశాననుకునేదాన్ని.

బాబాయ్ నా గ్రంథం తెరవగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన 'మొదలు' అని ఒక స్క్రిప్టు, అంటే పనులన్నీ వరసగా చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం, రాసి ఆఫీసు సర్వర్లో దాచుకున్నాడు. తుడిచేసిన కంప్యూటర్లో ఆ ఒక్క మాట టైపు చేసి ఎంటర్ నొక్కుతాడు, అంతే. కంపైలర్ని అదే తెస్తుంది, డేటాబేస్‌ని అదే పెడుతుంది, మ్యాపుని అదే దింపుతుంది, లైబ్రరీల మధ్య పంచాయితీ కూడా అదే తీరుస్తుంది. నలభై ఆరు పేజీల నా కష్టాన్ని ఒక్క మాటకి దించేశాడు. కోపం రాదా మరి?

అది చాలదన్నట్టు, సోమవారం పొద్దున్న స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ ఆయన ఇంకో మనిషి అయిపోయేవాడు. ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి, నన్ను రోజూ "అమ్మాయ్" అని పిలిచే మనిషి, నోటుబుక్కు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"మేడమ్ గారూ, నమస్కారమండీ. నేను ఈరోజే చేరానండీ. డేటాబేస్ పాస్‌వర్డ్ ఎవర్ని అడగాలండీ?"

"నిన్నే అడగాలి! పోయిన నెల మార్చింది నువ్వే కదా!"

"నేనెలా మారుస్తానండీ? ఈరోజే చేరాను కదండీ."

"బాబాయ్, నాకు బోలెడు పనుంది."

"ఏ బాబాయండీ?"

నెత్తి కొట్టుకోవడం తప్ప ఏం చేస్తాను? ఆయన మాత్రం బుద్ధిగా నోటుబుక్కులో 'పాస్‌వర్డ్ ఎవర్ని అడగాలో కొత్తవాళ్ళకి తెలీదు' అని రాసుకుని, వెనక్కెళ్ళి స్క్రిప్టులో ఏదో చేర్చేవాడు. పదింటికల్లా ఆయన తెరమీద బస్సు కదిలేది, ఆయనకి జ్ఞాపకశక్తి తిరిగొచ్చేది. "ఏమ్మాయ్, టీకొస్తావా?" అనేవాడు, మధ్యలో ఏమీ జరగనట్టు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనదీ ఇదే గోల. వరసగా మూడు సోమవారాలు బాబాయ్ ఆయన్ని "బాత్రూమ్ ఎటండీ?" అని అడిగాడు. నాలుగో సోమవారం ఆ సెక్యూరిటీ ఆయన మేనేజరు గదికెళ్ళి, "సార్, పెద్దాయనకి మతిమరుపు ముదురుతోంది, ఇంట్లోవాళ్ళకి చెబితే మంచిది," అని తలుపేసి మరీ చెప్పాడు. ఆ మధ్యాహ్నమే వరండాలో ఒక బాణం గుర్తు, కింద 'బాత్రూమ్' అని ఒక అట్టముక్క వెలిశాయి. తర్వాత మా ఆఫీసుకొచ్చిన ఏ కొత్త మనిషీ ఆ ప్రశ్న అడగలేదు. మేమెవరమూ అది పట్టించుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇంట్లో అయినా తిన్నగా ఉంటాడేమో అనుకున్నాను. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. ఏ స్విచ్చు ఏ లైటుదో కింద రాసి ఉంది. వంటింట్లో ప్రతి డబ్బా మీదా పేరుంది. పొయ్యి పక్కన 'టీ పెట్టు విధానం' అంటించి ఉంది, అందులో 'కొంచెం' అన్న మాట కొట్టేసి 'రెండు చెంచాలు' అని దిద్ది ఉంది.

"పిన్నీ, ఎలా వేగుతున్నావ్?" అన్నాను వాళ్ళావిడతో.

"ముప్పై ఏళ్ళ కాపురమమ్మా! ఇప్పటికీ సోమవారం సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, 'ఏమండీ, పంచదార డబ్బా ఎక్కడుంటుందండీ?' అంటారు."

"మరి నువ్వేమంటావు?"

"'మీ ఆవిణ్ణి అడగండి' అంటాను."

కుర్చీలో కూర్చున్న బాబాయ్ నోటుబుక్కు తీసి అది కూడా రాసుకున్నాడు. పిన్ని నవ్వుతూనే ఇంకో మాట చెప్పింది. ఊరి నుంచి ఎవరొచ్చినా ఆ ఇంట్లో పొద్దున్నే లేచి, ఎవర్నీ లేపకుండా, వాళ్ళ టీ వాళ్ళే పెట్టుకు తాగుతారట. ఒకసారి వచ్చినవాళ్ళు వెళ్ళడానికి తొందరపడరట కూడా. అది పిన్ని బాధ.

ఇదంతా ఆయన కంప్యూటర్‌తో, ఆయన డబ్బాలతో ఆగితే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఒకనాడు మేనేజరు తన లాప్‌టాప్ నత్తలా నడుస్తోందని విసుక్కుంటూ బాబాయ్ చేతిలో పెట్టాడు. "ఏదో ఒకటి చెయ్యి బాబాయ్" అంటుండగానే ఫోనొచ్చింది. బాబాయ్ అడిగాడు, "తుడిచేయమంటారా సార్?" మేనేజరు ఫోన్లో ఎవరికో "అలాగే, అలాగే" అంటూ తలూపాడు. ఇంకేముంది! మూడింటికి బస్సుల కంపెనీవాళ్ళకి చూపించాల్సిన అరవై స్లైడ్లూ గాల్లో కలిసిపోయాయి.

"బాబాయ్! నా స్లైడ్లు!"

"సర్వర్లో దాచుకున్నారు కదా సార్?"

"లేదు!"

"మరి ఎక్కడ దాచుకున్నారు?"

"దాన్లోనే!"

"అదేంటి సార్," అన్నాడు బాబాయ్, ఎంతో జాలిగా.

మేనేజరు ఆ మధ్యాహ్నం స్లైడ్లు లేకుండా నోటితోనే పది నిమిషాలు మాట్లాడొచ్చాడు. మీరు చెప్పేది మాకు అర్థమవడం ఇదే మొదటిసారి అని బస్సుల కంపెనీవాళ్ళు చేతులు పట్టుకున్నారట. అయినా సరే, మర్నాడు గోడమీద నోటీసు పడింది: 'సున్నా బాబాయ్ తన కంప్యూటర్ తప్ప వేరెవరిదీ ముట్టుకోరాదు. కొత్తగా చేరినవారు గ్రంథం ప్రకారమే నడుచుకోవలెను.' రెండో వాక్యం చేర్పించింది నేనే. దాచడమెందుకు?

ఆ నోటీసు అంటించిన నెలకి ఆవిడ చేరింది.

నలభై దాటిన మనిషి. ఒకప్పుడు ప్రోగ్రాములు బాగా రాసేదట. పిల్లలు పుట్టారు, అత్తగారు జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డారు, తొమ్మిదేళ్ళు ఇంట్లోనే గడిచిపోయాయి. చివరికి ఆ అత్తగారే కర్ర పట్టుకుని లేచి నిలబడి, "నా కాళ్ళు నాకొచ్చాయి, ఇక నువ్వెళ్ళు" అన్నారట. వెళ్ళిన ప్రతిచోటా "ఇన్నేళ్ళూ ఏం చేశారు?" అని అడిగి పంపించేశారు. మా మేనేజరు మాత్రం ఒక అవకాశం ఇచ్చాడు. బస్సు వచ్చి వెళ్ళిపోయాక కూడా మా బోర్డులు 'వస్తోంది' అనే చూపిస్తున్నాయి, జనం ఎండలో నిలబడి మమ్మల్ని శపిస్తున్నారు. రెండు వారాల్లో ఆ తప్పు సరిచేస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే లేదు. రెండు వారాలంటే పది పనిరోజులు. అందులో ఎనిమిదో తొమ్మిదో నా గ్రంథమే మింగేస్తుందన్న సంగతి, నిజం చెప్పొద్దూ, నాకు తట్టనే లేదు.

ఆవిడ చేరిన సోమవారమే బాబాయ్‌ని డిపోలో చెడిపోయిన బోర్డులు చూడమని మూడు రోజులు పంపించేశారు. ఆఫీసులో తుడుపు లేని సోమవారం అదొక్కటే. నేను ఆవిడ చేతిలో గ్రంథం పెట్టి, వీపు తట్టి, "అక్షరం అక్షరం చదువుకుంటూ వెళ్ళండి, బస్సు దానంతటదే కదుల్తుంది," అన్నాను.

మంగళవారం మధ్యాహ్నానికి వచ్చింది. నేను తొమ్మిది రోజులు పడ్డ దారిని ఒకటిన్నర రోజులో నడిచేసింది, అదన్నా నా బుర్రకి ఎక్కాలి కదా! ఎక్కలేదు.

"ముప్పై ఒకటో అడుగు దాకా వచ్చానండీ. మ్యాపు వచ్చింది. బస్సు రాలేదు."

"ఏం తప్పు చూపిస్తోంది?"

"ఏ తప్పూ చూపించట్లేదండీ. ఊరికే ఉంది."

నేను తెర తిప్పాను. "నా దగ్గర కదుల్తోందే!"

ఆవిడ నా బస్సు వంక చూసింది. "అయితే నేనే ఎక్కడో తప్పు చేసుంటాను," అని వెళ్ళి, అంతా తీసేసి మళ్ళీ మొదటి అడుగు నుంచి మొదలెట్టింది. బుధవారం సాయంత్రానికి మళ్ళీ అక్కడే ఆగింది. నేను మళ్ళీ తెర తిప్పాను. ఈసారి ఆవిడ సరిగ్గా చూడను కూడా లేదు.

"రోజూ సాయంత్రం మా అత్తయ్య అడుగుతుందండీ, బస్సు కదిలిందా అని," అంది. "నిన్న రాత్రి, 'రేపు కదుల్తుందిలే, తిను' అని తనే వడ్డించింది. ఇవాళ ఏం చెప్పాలో తెలీట్లేదు."

గురువారం పొద్దున్న బాబాయ్ డిపో నుంచి తిరిగొచ్చాడు. సంచి తగిలించాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆవిడ ఆయన దగ్గరికి వెళ్ళి ప్రింటర్ ఎలా వాడాలో అడిగింది. బాబాయ్‌కి అంతకంటే ఇష్టమైన ప్రశ్న ఉండదు. ఉత్సాహంగా లేచాడు. ప్రింటర్లోంచి కాగితం బయటికొచ్చాక మాత్రం ఆ ఉత్సాహం పోయింది. అది మేనేజరుకి ఉత్తరం. 'ఇన్నేళ్ళ తర్వాత నాకు ఈ పని రాదని అర్థమైంది, మన్నించండి,' అని ఉంది.

"ఎక్కడ ఆగిందమ్మా?" అన్నాడు.

"ముప్పై ఒకటి."

బాబాయ్ కాగితాన్ని ఇంకోసారి చదివాడు. "ఇది రేపు సాయంత్రం దాకా నా దగ్గర ఉండనీ," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"మేడమ్ గారూ."

నేను గోడమీద క్యాలెండర్ వంక చూశాను. ఆ రోజు గురువారం!

"మీ గ్రంథం ప్రకారం చేస్తే ఎవరికైనా బస్సు కదుల్తుందాండీ?"

"అనుమానమా? అక్షరం పొల్లుపోదు."

"అయితే మీ కంప్యూటర్ తుడిచేసి, మీ గ్రంథం చూసి, మీరే పెట్టుకోండి."

టైపింగ్ చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. మేనేజరు గది తలుపు కూడా జానెడు తెరుచుకుంది.

"నోటీసు చదివావా బాబాయ్? నా కంప్యూటర్ ముట్టుకునే హక్కు నీకు లేదు."

"నేను ముట్టుకోనండీ. మీ చేత్తో మీరే తుడుచుకోవాలి."

ఇంతమంది ముందు అన్నాక వెనక్కి తగ్గితే నేను గ్రంథమ్మనెలా అవుతాను? నా పనంతా సర్వర్లో భద్రంగా ఉందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. మేనేజరు స్లైడ్లు గుర్తొచ్చి నాలుగోసారి కూడా చూసుకున్నాను. తర్వాత కళ్ళు మూసుకుని మీట నొక్కాను. నాలుగేళ్ళుగా నేను సర్దుకున్నదంతా తుడిచిపెట్టుకుపోయి, తెర నల్లగా మిగిలింది.

"కొత్తగా చేరినావిణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి మేడమ్ గారూ, తోడుగా ఉంటుంది," అని బాబాయ్ వెళ్ళిపోయాడు.

గ్రంథం తెరిచాను. నా రాత నేను నాలుగేళ్ళ తర్వాత చదవడం అదే మొదలు. పన్నెండో పేజీలో, 'తర్వాత మామూలుగా చేసేట్టే చేయండి' అని ఉంది.

"మామూలుగా అంటే ఎలా?" అన్నాను.

"నాకూ అదే అర్థం కాలేదండీ," అంది ఆవిడ మెల్లగా.

"ఎవరు రాశారిది, బుద్ధి లేకుండా!"

ఆవిడ మెల్లగా పేజీ తిప్పింది. పెద్దమనసు. ఇరవయ్యో పేజీలో, 'పాస్‌వర్డ్ కోసం సంబంధిత వ్యక్తిని సంప్రదించండి' అని ఉంది. ఆ సంబంధిత వ్యక్తి మానేసి మూడేళ్ళయింది.

"ఆయన నంబరు నేను పట్టుకున్నానండీ," అంది ఆవిడ. "ఇప్పుడు చేపల చెరువు చూసుకుంటున్నారు. పాపం, పాస్‌వర్డ్ సర్వర్లో ఎక్కడ రాసి దాస్తారో ఇంకా గుర్తుంది ఆయనకి. అక్కడ వెతికి కనుక్కున్నాను."

చెరువుగట్టు మీద మనిషికి ఫోన్ చేసి మా పాస్‌వర్డ్ రాబట్టిన మనిషి తనకి ఈ పని రాదని ఉత్తరం రాసింది! నాకు మొదటిసారి సిగ్గేసింది. ఆ పూటంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా, నేను చదవడం, తడబడడం, ఆవిడ దారి చూపించడం. శుక్రవారం మూడు గంటలకి ముప్పై ఒకటో అడుగు పూర్తిచేశాను. ఆఫీసంతా నా కుర్చీ వెనక మూగింది.

మ్యాపు వచ్చింది.

బస్సు రాలేదు.

ఏ తప్పూ చూపించలేదు. ఊరికే ఉంది. అలవాటు కొద్దీ నోరు తెరిచాను, "నా దగ్గర..." అని. మిగతా మాట రాలేదు. ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆవిడ తెర దగ్గరికి వంగి చూసింది. నా మొహంలోకి చూసింది. "మీకూ కదల్లేదా?" అంది. ఆ గొంతులో ఎంత సంతోషమో! పరీక్ష పాసైనట్టు. తర్వాత నవ్వడం మొదలెట్టింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా. ఐదు రోజుల్లో ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. చూసి చూసి నాకూ నవ్వాగలేదు. నవ్వుతున్నది నా గ్రంథాన్ని చూసే అని తెలిసి కూడా.

"ఇప్పుడు నా స్క్రిప్టు కావాలాండీ?" అన్నాడు బాబాయ్ వెనకనుంచి. "మీరు అడిగితేనే. నోటీసుంది."

"ఇచ్చి చావు బాబాయ్!" అన్నాను.

మేనేజరు గొంతు సవరించుకుని, "నోటీసు సంగతి నేను చూసుకుంటాలే," అన్నాడు. రెండు కంప్యూటర్లూ తుడిచి, 'మొదలు' అని కొట్టి, మేం టీ తాగడానికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి రెండు తెరల మీద రెండు పచ్చ బస్సులు, పక్కపక్కనే, తాపీగా పోతున్నాయి. ఆవిడ అప్పటికే ఫోన్లో ఉంది. "అత్తయ్యా, కదిలింది!"

ఇంతకీ తక్కువైంది ఏమిటో తెలుసా? ఒక ఖాళీ ఫోల్డర్. దాని పేరు 'నిన్న'. నిన్నటి బస్సుల ప్రయాణాలు అందులో వచ్చి పడితే, వాటిని చూసి బస్సు కదులుతుంది. ఆ ఫోల్డర్ లేకపోతే ప్రోగ్రాం అరవదు, మొత్తుకోదు, బుంగమూతి పెట్టుకుని ఊరుకుంటుంది. నాలుగేళ్ళ కిందట నా తొమ్మిదో రోజున ఎవరో నా బల్ల పక్కనుంచి పోతూ, "నిన్న అని ఒక ఫోల్డర్ పెట్టు" అన్నారు. పెట్టాను, బస్సు కదిలింది, ఆనందంలో మర్చిపోయాను. గ్రంథంలో రాయలేదు. అప్పట్నుంచి అది నా కంప్యూటర్లో ఉంది కనక, నా దగ్గర ఎప్పుడూ కదుల్తూనే ఉంది.

సాయంత్రం బాబాయ్‌ని నిలదీశాను. "నీకు ముందే తెలుసు. గురువారం పొద్దున్నే ఆవిడ చెవిలో ఆ ముక్క చెబితే సరిపోయేది కదా? ఒకటిన్నర రోజు వృథా చేయించావు!"

"చెబితే బస్సు కదిలేదమ్మాయ్," అన్నాడు. "తప్పు తనది కాదని మాత్రం ఆవిడకి తెలిసేది కాదు. ఎవరో వచ్చి చేసిపెట్టారు అనుకుని ఇంటికెళ్ళేది. సోమవారం ఇంకో చిన్న చిక్కొస్తే మళ్ళీ ఉత్తరం రాసేది."

"నీకెలా తెలుసు?"

"నేను రాశాను కదా! మొదటి ఉద్యోగంలో పద్నాలుగు రోజులు కూర్చున్నా కుదరలేదు, పదిహేనో రోజు ఉత్తరమిచ్చి వచ్చేశాను. నాకు బుర్ర లేదనుకుని ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నాను. తర్వాతెప్పుడో తెలిసింది, వాళ్ళ కాగితంలో ఒక లైను లేదట. ఒక్క లైను!" అని, ప్రపంచంలో అంత తమాషా ఇంకోటి లేనట్టు పకపకా నవ్వాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ స్క్రిప్టు తెరిచి, మొదటిసారి చదివాను. ప్రతి పని పక్కనా ఆయన చిన్న చిన్న ముక్కలు రాసి పెట్టాడు, యంత్రం పట్టించుకోనివి, మనుషులు చదువుకునేవి. 'ఇక్కడ మ్యాపులు గీసే అబ్బాయి రెండు రోజులు ఆగిపోయాడు. తప్పు అతనిది కాదు.' 'ఇక్కడ పొడుగు జడ అమ్మాయి ఏడ్చింది. తప్పు ఆమెది కాదు.' అలా కింద దాకా. ఎన్ని సోమవారాలు! 'నిన్న' ఫోల్డర్ పెట్టే చోటు దాకా వచ్చి ఆగాను. అక్కడ ఇలా ఉంది: 'ఇది రాయడం గ్రంథమ్మ మర్చిపోయింది. తప్పు ఆమెది కాదు. తొమ్మిది రోజులు పడ్డ మనిషికి బస్సు కదిలితే ఇంకేం గుర్తుంటుంది?'

అది నిన్ననో మొన్ననో రాసింది కాదు. పక్కనున్న తేదీ మూడున్నరేళ్ళ కిందటిది. మూడున్నరేళ్ళుగా నేను తెర తిప్పి "నా దగ్గర కదుల్తోందే" అంటుంటే పక్కనే కూర్చుని విని, నలుగురిలో నా పరువు తియ్యకుండా, తననే పిచ్చివాడనుకోనిచ్చాడు. ఎవరికి చిక్కొచ్చినా సాయంత్రం వాళ్ళ బల్ల దగ్గర కాసేపు తచ్చాడి వెళ్ళేవాడు, మర్నాడు వాళ్ళ బస్సు కదిలేది. నా గ్రంథం మహిమ అనుకునేదాన్ని. నోటీసు పెట్టించి దాన్ని కూడా ఆపించింది నేనే. ఆయన మీద పట్టరాని ప్రేమ పుట్టింది, నా మీద నాకు చచ్చేంత నవ్వొచ్చింది.

ఆవిడ తర్వాతి బుధవారానికే బోర్డులో తప్పు పట్టుకుని సరిచేసింది. గురువారం ఆవిడా వాళ్ళత్తగారూ పనిగట్టుకుని బస్టాపుకి వెళ్ళి, బస్సు వెళ్ళిపోగానే 'వస్తోంది' అన్న మాట మాయమవడం చూసి, ఆ బస్సు ఎక్కకుండానే ఇంటికి తిరిగొచ్చారట. ఉద్యోగం ఖాయమైంది. జేబులోని ఉత్తరాన్ని బాబాయ్ ఏం చేశాడని అడిగితే, వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని పిన్ని కొత్త డబ్బాలకి పేర్లు రాసుకున్నాడని తేలింది. గోడమీద నోటీసు పోయింది. నా గ్రంథం ఇప్పుడు ఒకే పేజీ, అందులో ఒకే మాట: 'మొదలు'. అట్ట మీద బస్సు బొమ్మ మాత్రం ఉంచాను, అంత తేలిగ్గా వదులుకుంటానా?

మొన్న సోమవారం తొమ్మిదిన్నరకి నేను సంచి తగిలించి, కళ్ళజోడు తుడుచుకుని, నా కంప్యూటర్ తుడిచేశాను. అటుపక్క ఆవిడా తుడిచేసింది. మేనేజరు గదిలోంచి, "ఆగండి, సర్వర్లో దాచుకున్నానో లేదో చూసుకోనివ్వండి," అని వినిపించింది. నేను నోటుబుక్కు పట్టుకుని బాబాయ్ బల్ల దగ్గరికెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నమస్కారమండీ. నేను ఈరోజే చేరానండీ. డేటాబేస్ పాస్‌వర్డ్ ఎవర్ని అడగాలండీ?"

బాబాయ్ కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత మొహమాటంగా లేచి, పక్కనున్న కుర్చీ నాకోసం లాగాడు.

"నాకేం తెలుసండీ," అన్నాడు. "నేనూ ఈరోజే చేరాను. రండి, కూర్చోండి, ఇద్దరం కలిసి కనుక్కుందాం."